సీసాలో పులిసినది, చర్మానికి కావలసినది

శాంటా క్లారా ఊరి మీదుగా సాగే ఎల్ కామినో రియల్ రోడ్డులో కొరియన్ దుకాణాలూ మన కిరాణా కొట్లూ ఒకే దారిలో కనిపిస్తాయి. కొరియన్ దుకాణాల అరల్లో పులియబెట్టిన ఈస్టు, బైఫిడా, లాక్టోబాసిల్లస్ పేర్లున్న సీసాలు. మన కొట్ల ఫ్రిజ్‌లలో పెరుగు డబ్బాలు, ఇడ్లీ పిండి. స్టీవెన్స్ క్రీక్ రోడ్డు మీదున్న వ్యాలీ ఫెయిర్ మాల్‌కు వెళితే ఆ జాతి సీసాల్లో కొన్ని వంద డాలర్లకు పైనే పలుకుతాయి. నలభై అయిదేళ్లు దాటి, నెలసరి గతి తప్పి, నిన్నటిదాకా సరిపోయిన క్రీము ఇవాళ చాలకుండా పోయిన తెలుగు స్త్రీకి ఈ సీసాలు చప్పున నచ్చుతాయి. పులిసినవాటి మీద మనకు చిన్ననాటి నుంచీ నమ్మకం ఉంది. పెరుగు చలవ చేస్తుందంటాం, మజ్జిగ పొట్టకు మంచిదంటాం, చద్దన్నం తిన్నవాళ్లకు బలమంటాం. ఆ మేలునే మొహానికి రాసుకోవచ్చంటే కాదనాలనిపించదు. కాదనమని నేనూ చెప్పను. అయితే ఒక పదార్థాన్ని పులియబెట్టి చేశారన్నది తయారీకి సంబంధించిన సమాచారం. అది మీ చర్మంలో ఏం చేస్తుందన్నది వేరే ప్రశ్న, దానికి రుజువు వేరే కావాలి. మెనోపాజ్ వయసులో చర్మం ఏం పోగొట్టుకుంటోందో ముందు తెలుసుకుని, ఆ లోటును తీర్చేదానికే డబ్బు పెట్టాలన్నది ఈ అధ్యాయంలో నా వాదన. ఆ లెక్కన చూస్తే పులియబెట్టినవాటిలో కొన్నింటికి చోటు దక్కుతుంది, చాలావాటికి దక్కదు.

అండాశయాలు ఈస్ట్రోజన్ తయారీ తగ్గించగానే దాని ప్రభావం చర్మం మీద పడుతుంది, ఎందుకంటే చర్మ కణాలు కూడా ఆ హార్మోనును అందుకుని పనిచేసేవే. లోపలి పొరలో కొల్లాజెన్ తరిగిపోతుంది. 1980లలో లండన్‌లో బ్రింకాట్ బృందం చేసిన పరిశీలనల ఆధారంగా, నెలసరి ఆగిన మొదటి అయిదేళ్లలో దాదాపు 30 శాతం, ఆ తరవాత ఏటా సుమారు 2 శాతం పోతుందని వైద్యులు చెబుతూ వస్తున్నారు. పైపొరలో నూనె గ్రంథులు మందగిస్తాయి. కణాల మధ్య నిలిచి ఒంట్లోని నీటిని బయటికి పోనివ్వని సెరమైడ్లు అనే కొవ్వులు తగ్గుతాయి. చర్మానికి సహజంగా ఆమ్ల గుణం ఉంది. దాని పీహెచ్ 5కి కాస్త దిగువన ఉంటే ఆరోగ్యం. వయసు పైబడుతున్న కొద్దీ అది పైకి జరుగుతుంది. సెరమైడ్లను తయారుచేసే ఎంజైములు ఆమ్లంలోనే చక్కగా పనిచేస్తాయి కనుక, పీహెచ్ పెరిగితే ఉన్న లోటు మరింత పెరుగుతుంది. మొహం కడుక్కోగానే బిగుసుకుపోవడం, ఎప్పటినుంచో వాడుతున్న క్రీమే మంట పుట్టించడం, కాళ్ల మీద రాత్రిపూట దురద, చీమలు పాకినట్టనిపించడం, ఇవన్నీ ఇక్కడి నుంచి వచ్చేవే. నూనె తగ్గడంతో, దాన్ని తిని బతికే క్యుటిబాక్టీరియం కూడా తగ్గి, చర్మం మీది సూక్ష్మజీవుల పొందిక మారుతుంది. ప్రోబయోటిక్ సీరంల ప్రకటనలు పట్టుకునేది ఈ చివరి మార్పునే. కానీ ఆ సూక్ష్మజీవులు నూనె లేకనే తగ్గాయి. నూనె సంగతి వదిలేసి సూక్ష్మజీవులను మాత్రం సరిచేస్తామంటే మూలం అలాగే ఉండిపోతుంది.

మన చర్మం విషయంలో ఇంకో తేడా ఉంది. చామనఛాయ చర్మంలో మెలనిన్ రక్షణ వల్ల ముడతలు తెల్లవారికన్నా ఆలస్యంగా వస్తాయి. మంగు, నల్ల మచ్చలు, రంగు తేడాలు మాత్రం ముందే వచ్చి ఎక్కువగా వేధిస్తాయి. అమెరికాలో అమ్మే మెనోపాజ్ క్రీముల ప్రకటనలు చాలావరకు ముడతల చుట్టూ తిరుగుతాయి, అంటే మన మొదటి బాధ వాటిలో ఉండదు. శాస్త్ర పరిశోధనలోనూ మన జాడ తక్కువే. అమెరికాలో మెనోపాజ్ మీద జరిగిన పెద్ద అధ్యయనం స్వాన్. 1996లో మొదలుపెట్టి దాదాపు 3,300 మంది స్త్రీలను ఏళ్ల తరబడి గమనించింది. దాని కేంద్రాల్లో ఒకటి శాంటా క్లారాకు గంట ప్రయాణంలో ఉన్న ఓక్లాండ్‌లోనే ఉంది. అందులో శ్వేతజాతి, ఆఫ్రికన్ అమెరికన్, చైనీస్, జపనీస్, హిస్పానిక్ స్త్రీలున్నారు. దక్షిణాసియా స్త్రీలను ఒక వర్గంగా తీసుకోలేదు. పైగా మనలో చాలామందికి ఈ దశ పుస్తకాల్లో రాసిన వయసుకు రాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశమంతటా 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. అండాశయాలు కూడా తీసేసి ఉంటే మెనోపాజ్ ఆ రోజే మొదలైనట్టు. అవి ఉంచినా, కొందరిలో కాస్త ముందుగానే వస్తుంది. పిల్లల దగ్గరికి ఈ ఊరు వచ్చిన అమ్మలలో, అత్తగార్లలో, చిన్న వయసులోనే ఆపరేషన్ అయినవాళ్ల చర్మానికి ఆ లోటు ఎన్నో ఏళ్లదై ఉండవచ్చు. ఆ సంగతి చర్మ వైద్యుడికి ముందుగా చెప్పాలి.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. యాభై ఏళ్లకు మొహం గురించి ఇంత ఆలోచన ఎందుకు, పిల్లల చదువులు, పెళ్లిళ్లు చూసుకోక, అని. ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనకపోయినా చాలామంది స్త్రీలు తమలో తామే అనుకుంటారు. నేను దీన్ని ఒప్పుకోను. చర్మం పైపొర పని నీటిని లోపల ఆపడం, బయటి మంటలనూ క్రిములనూ బయటే ఉంచడం. అది బలహీనపడితే దురద వస్తుంది, దురద నిద్ర చెడగొడుతుంది. ఆవిర్లతో, చెమటలతో అసలే సరిగ్గా నిద్రలేని వయసు అది. దాన్ని బాగుచేసుకోవడం అలంకారం కిందికి రాదు, పన్ను నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్లడంలో ఎంత అవసరముందో ఇందులోనూ అంతే ఉంది. అందంగా కనిపించాలనిపించినా తప్పేమీ లేదు.

సరే, సీసాలో ఏముంది? ప్రోబయోటిక్ అంటే తగిన మోతాదులో అందినప్పుడు మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులని 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు నిర్వచించారు. దుకాణంలో దొరికే క్రీముల్లో దాదాపు ఏదీ ఈ నిర్వచనానికి సరిపోదు. నీరు కలిసిన ఏ క్రీములోనైనా బూజు, క్రిములు పెరగకుండా ప్రిజర్వేటివ్ వేస్తారు. అది మంచి బాక్టీరియాను వదిలి చెడ్డదాన్ని మాత్రమే చంపలేదు. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం పెద్దవాళ్లు వాడే మామూలు క్రీములో గ్రాముకు 1,000కి మించి సూక్ష్మజీవులు ఉండకూడదు. మింగే ప్రోబయోటిక్ మాత్రల్లో అవి కోట్లలో ఉంటాయి. కాబట్టి సీసాలో ఉండేది రెండింటిలో ఒకటి. లైసేట్ అని రాస్తే బాక్టీరియాను పగలగొట్టి తీసిన ముక్కలు. ఫిల్ట్రేట్ అని రాస్తే ఈస్టు గానీ బాక్టీరియా గానీ పెరిగిన ద్రవాన్ని వడగట్టగా మిగిలిన నీళ్లు. సలసల కాగే పాలలో తోడు వేస్తే పాలు తోడుకోవు. అందులోని బాక్టీరియా చచ్చిపోయింది గనుక. ఈ సీసాలోని సరుకు కూడా మీ చర్మం మీద స్థిరపడి పెరగలేదు. ఇలా ప్రాణం లేని సూక్ష్మజీవుల వల్ల, వాటి భాగాల వల్ల కలిగే మేలు గురించి మాట్లాడడానికి శాస్త్రజ్ఞులు 2021లో పోస్ట్‌బయోటిక్ అనే మాటకు నిర్వచనం ఇచ్చారు. అమెరికాలో కాస్మెటిక్స్ లేబుళ్లకు సంబంధించి ప్రోబయోటిక్ అనే మాటకు చట్టంలో నిర్వచనమే లేదు. 2022 చివర్లో వచ్చిన కొత్త కాస్మెటిక్స్ చట్టం కంపెనీల మీద భద్రత, నమోదు, దుష్ఫలితాలు తెలియజేయడం వంటి బాధ్యతలు పెట్టింది. క్రీము పనిచేస్తుందని అమ్మకానికి ముందే రుజువు చేయమని మాత్రం అడగలేదు. ఆ రుజువు వెతుక్కోవడం కొనేవాళ్ల పని అయింది.

రుజువులు అసలు లేవనడం అన్యాయం. ఉన్నవాటిలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఇటలీ నుంచి 2008లో వచ్చింది. పెరుగు తోడుకోవడానికి తోడ్పడే స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ అనే బాక్టీరియాను పగలగొట్టి క్రీములో కలిపి, 20 మంది పెద్ద వయసు స్త్రీలకు రెండు వారాలు రాయించారు. వాళ్ల చర్మంలో సెరమైడ్లు పెరిగాయి, తేమ పెరిగింది. ఎలా అన్నదానికీ వివరణ ఉంది: ఆ బాక్టీరియాలోని ఒక ఎంజైము చర్మంలోని కొవ్వును విడగొట్టి సెరమైడ్‌గా మారుస్తుంది. మెనోపాజ్ చర్మం పోగొట్టుకునేది అదే కనుక ఈ వాదనలో పస ఉంది. అదే ఏడు ఉష్ణగుండాల నీటిలో ఉండే విట్రియోసిల్లా అనే బాక్టీరియా లైసేట్ 5 శాతం కలిపిన క్రీమును ఎగ్జిమా ఉన్న 75 మందిలో, 30 రోజుల పాటు, మందు లేని క్రీముతో పోల్చి పరీక్షించారు; దురద తగ్గింది. 2010లో బైఫిడోబాక్టీరియం లాంగమ్ లైసేట్ 10 శాతం కలిపిన క్రీమును చర్మం ఊరికే మండే 66 మంది స్త్రీలలో సగం మందికి ఇచ్చి, మిగతా సగం మందికి అది లేని క్రీము ఇచ్చి రెండు నెలలు చూశారు. లైసేట్ రాసినవాళ్ల చర్మం తక్కువ మండింది, పైపొర గట్టిపడింది.

వీటిని చదివి కొనడానికి బయల్దేరే ముందు మూడు విషయాలు గమనించాలి. ఈ పరీక్షల్లో పాల్గొన్నవాళ్లు పదుల్లోనే ఉన్నారు, కాలమూ వారాలు, నెలల లోపే. చివరి రెండింటిలో ఆ పదార్థాన్ని వాడే కంపెనీ శాస్త్రజ్ఞుల చేయి ఉంది. దాంతో ఫలితం అబద్ధమైపోదు గానీ, సంబంధం లేని ఇంకొకరు మళ్లీ చేసి చూపితే నమ్మకం పెరుగుతుంది. రెండోది మోతాదు. పరీక్షలో 10 శాతం ఉన్నది సీసాలో ఎంత ఉందో లేబుల్ చెప్పదు. ఒక ఆనవాలు మాత్రం ఉంది: ఒక శాతానికి పైబడినవాటిని ఎక్కువ నుంచి తక్కువ వరుసలో రాయాలి, ఆ దిగువవాటిని ఎలాగైనా రాయవచ్చు. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్‌ను సాధారణంగా ఒక శాతానికి మించి వేయరు. మీ లైసేట్ పేరు దాని తరవాత వస్తే, అది ఒక శాతం లోపే ఉందని అనుకోవచ్చు. ఫిల్ట్రేట్‌ల విషయం ఇందుకు తిరగబడి ఉంటుంది. తొంభై శాతం ఫిల్ట్రేట్ అని గొప్పగా రాసినా, ఆ ఫిల్ట్రేట్‌లో అధిక భాగం నీళ్లే. మూడోది, బాక్టీరియాలో జాతి ఒకటే అయినా రకాలు వేరు. ఒక రకం మీద వచ్చిన ఫలితం మరో రకానికి చెందదు. లేబుల్ మీద రకం రాయరు. ఇటలీ పరీక్ష విషయంలో ఇంకో అనుమానం కూడా న్యాయమే: ఎంజైము చెడకుండా ఉంటేనే పనిచేస్తుంది, ఏడాది పైగా అరలో నిలవుండే సీసాలో అది ఎంతవరకు చెడకుండా ఉంటుంది?

తూర్పు దేశాల అనుభవాన్ని తోసిపుచ్చవచ్చా అని మరో ఆక్షేపణ. 1980లో జపాన్‌లో వచ్చిన ఎస్‌కే-టూ బ్రాండు, సాకే మద్యం కాచే ముసలి పనివాళ్ల మొహాలు ముడతలు పడినా చేతులు మాత్రం నునుపుగా ఉండటం చూసి తమ ఈస్టు ఫిల్ట్రేట్ కనుగొన్నామని చెప్పుకుంటుంది. కథ బాగుంది. ఆ చేతులు ఎండ తగలకుండా లోపల ఉండేవి, రోజంతా తడిలో, ఆమ్లంలో నానేవి. నునుపుకు ఆ రెండు కారణాలే చాలవచ్చు. మన ఇళ్ల విషయానికొస్తే పెరుగు, మీగడ, సున్నిపిండి, తరవాణి నీళ్లు తరాలుగా వాడాం, వాటికి విలువ లేదా అంటారు. ఉంది, అయితే ఆ విలువ ఎక్కడిదో తెలుసుకుని వాడితే ఇంకా మంచిది. పెరుగులో లాక్టిక్ ఆమ్లం దాదాపు ఒక శాతం దాకా ఉంటుంది. అది మృతకణాలను కాస్త వదులు చేస్తుంది, తేమను పట్టి ఉంచుతుంది. మీగడలోని కొవ్వు పొడి చర్మానికి పూతగా నిలుస్తుంది. డాక్టర్లు పొడి చర్మానికి రాసే ఒక మందులో ఉండేది 12 శాతం అమోనియం లాక్టేట్, అంటే ఆ లాక్టిక్ ఆమ్లమే కొలత పెట్టి ఇచ్చినది. కాబట్టి పెరుగు రాసుకుంటే మెత్తగా అనిపించడం మీ భ్రమ కాదు. అందులోని బాక్టీరియా పావుగంట తరవాత కడుక్కునే నీళ్లతో పోతుంది. మేలు చేసింది ఆమ్లం, కొవ్వు. దీన్నిబట్టి జాగ్రత్తలూ తెలుస్తాయి. పెరుగులో నిమ్మరసం పిండి రాసుకుని కాలిఫోర్నియా ఎండలోకి వెళ్లకండి. నిమ్మజాతి రసాలకూ ఎండకూ కలిసి బొబ్బలు, నెలల తరబడి పోని నల్ల మచ్చలు రావడం వైద్యులు బాగా ఎరిగిన విషయం. పలచబడిన చర్మాన్ని శనగపిండితో, సున్నిపిండితో గట్టిగా రుద్దకండి. ఊరి నుంచి వచ్చే సామానులో తెల్లబరిచే క్రీములుంటే పక్కన పెట్టేయండి. అలాంటి వాటిలో కొన్నింట్లో పాదరసం ఉండటం కాలిఫోర్నియా ఆరోగ్య శాఖ కనిపెట్టి హెచ్చరించింది. స్టెరాయిడ్ కలిసినవి అసలే పలచనైన చర్మాన్ని ఇంకా పలచన చేస్తాయి.

ఈ విషయంలో చాలామందికి తెలియని మంచి కబురు ఒకటుంది. పులియబెట్టడం వల్ల చర్మానికి జరిగిన అసలు మేలు ప్రోబయోటిక్ పేరున్న ఖరీదు సీసాల బయటే జరిగింది. తేమకు వాడే హైలురోనిక్ ఆమ్లం ఒకప్పుడు కోడిపుంజుల తలమీది ఎర్రటి తురాయి నుంచి తీసేవారు. ఇప్పుడు ఎక్కువగా బాక్టీరియాను పులియబెట్టే ట్యాంకుల్లోనే తయారవుతుంది. సెరమైడ్లకు మూలమైన ఫైటోస్ఫింగోసిన్‌ను ఒక ఈస్టు చేత చేయిస్తారు. శాంటా క్లారాకు ఉత్తరంగా, బే అవతల ఎమెరీవిల్‌లో 2003లో బర్కిలీ శాస్త్రజ్ఞులు పెట్టిన అమిరిస్ సంస్థ మొదట మలేరియా మందు అర్టెమిసినిన్ కోసం ఈస్టును మలిచింది. తరవాత అలాంటి ఈస్టుకే చెరకు చక్కెర తినిపించి, ఒకప్పుడు సొరచేప కాలేయం నుంచి తీసిన స్క్వాలేన్ నూనెను తయారుచేసింది. వ్యాపారంగా ఆ సంస్థ 2023లో దివాలా రక్షణ కోరవలసి వచ్చింది, కానీ దాని పద్ధతి నిలబడింది. హైలురోనిక్, సెరమైడ్లు, స్క్వాలేన్, మూడూ మెనోపాజ్ చర్మం పోగొట్టుకున్న తేమకూ కొవ్వుకూ నేరుగా జవాబు చెప్పేవే. ఏ ఫార్మసీలోనైనా పదిహేను, ఇరవై డాలర్ల సెరమైడ్ క్రీములో వీటిలో కొన్ని ఉంటాయి, డబ్బా మీద పులియబెట్టినవన్న ప్రచారం ఏమీ లేకుండానే. పులియబెట్టిన సరుకు కొనాలని మీకు ఉంటే, ఇలాంటిదాన్ని కొనమంటాను.

ఆచరణకు వద్దాం. మొదట కడుక్కునే పద్ధతి మార్చండి, ఎందుకంటే నష్టం ఎక్కువగా అక్కడే జరుగుతోంది. మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. అసలే పైకి జరిగిన చర్మం పీహెచ్‌ను ఇంకా పైకి నెడుతుంది. పీహెచ్ 5.5 ఉన్న, సబ్బు కాని క్లెన్సర్ తీసుకుని, గోరువెచ్చని నీళ్లతో రోజుకు ఒక్కసారి కడిగితే చాలు. శాంటా క్లారా నగరానికి వచ్చే నీటిలో పెద్ద వాటా సొంత బావులదే, అందులో ఖనిజాలు ఎక్కువ. ఊరి ఉత్తర భాగాలకు చేరే హెచ్ హెచీ కొండనీరు మెత్తనిది. గట్టినీటిలో కడిగితే నురుగునిచ్చే పదార్థం చర్మం మీద ఎక్కువగా మిగిలిపోయి పైపొరను దెబ్బతీస్తుందని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం పరిశోధన చూపింది. కుళాయిల మీద తెల్లటి పొర కట్టే ఇంట్లో ఉంటే మొహం ఎక్కువ నీళ్లతో బాగా కడిగి, తడి ఆరకముందే సెరమైడ్ క్రీము రాయండి. కాళ్లకు, చేతులకు పైన పలచగా వాజెలిన్ రాసినా మంచిదే. అంత చవకలో నీటిని ఆపే పదార్థం ఇంకొకటి లేదు.

పగలు సన్‌స్క్రీన్. ఆస్ట్రేలియాలోని నాంబూర్‌లో 903 మందిని నాలుగున్నరేళ్లు చూస్తే, రోజూ రాసుకున్నవాళ్లలో చర్మం వయసు మీదపడటం 24 శాతం తక్కువగా ఉంది. వాళ్లు తెల్లవాళ్లు, మనకు అదే లెక్క వర్తించకపోవచ్చు. కానీ మంగు విషయంలో మన అవసరం ఇంకా ఎక్కువ. చామనఛాయ చర్మంలో కంటికి కనిపించే వెలుతురు కూడా మచ్చలను ముదరబెడుతుంది, దాన్ని ఆపడానికి ఐరన్ ఆక్సైడ్ కలిసిన, రంగున్న సన్‌స్క్రీన్ కావాలి. ఆఫీసుకు కారులో వెళ్తూ కిటికీ పక్క చెంప కాల్చుకునే ఈ ఊళ్లో ఇది ప్రతిరోజూ చేయవలసిన పని. రాత్రికి, ముడతలకు, మచ్చలకు అన్నిటికన్నా బలమైన సాక్ష్యం ఉన్నది ట్రెటినోయిన్ అనే పూతమందుకు. సన్నని ముడతల కోసం అమెరికా ఎఫ్‌డీఏ 1995లోనే అనుమతించింది. మెనోపాజ్ చర్మానికి అది మొదట్లో మంట పెడుతుంది కనుక వారానికి రెండు రాత్రులతో, సెరమైడ్ క్రీము మీద రాస్తూ మొదలుపెట్టాలి. హార్మోను మాత్రలు వేసుకుంటే చర్మమూ బాగుపడదా అని కొందరు అడుగుతారు. 2008లో 485 మంది స్త్రీలతో, తక్కువ మోతాదు హార్మోన్లను 48 వారాలు ఇచ్చి చూసిన పరీక్షలో ముడతల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆవిర్లకు, ఎముకలకు అవి డాక్టరు సలహాతో తీసుకోవలసినవే. మొహం కోసం మాత్రం వద్దు.

ఇవన్నీ కుదురుకున్నాక ఇంకా ఒక పులియబెట్టిన సీరం ప్రయత్నించాలనిపిస్తే ప్రయత్నించండి. ముఖ్యంగా ట్రెటినోయిన్ పడక చర్మం మండేవాళ్లకు, లైసేట్ ఉన్న క్రీము సాయపడవచ్చునని 2010 పరీక్ష ఆశ కలిగిస్తోంది. పద్ధతిగా చూడండి. రాత్రి మిగతావన్నీ రెండు వైపులా మామూలుగా రాసి, కొత్త సీరం ఎడమ చెంపకు మాత్రం రాయండి. మొదటి వారం చెవి వెనక రాసి పడుతుందో లేదో చూశాక మొహానికి తీసుకురండి. ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకు, నెలకోసారి ఫొటో తీయండి. పన్నెండు వారాలకు రెండు చెంపలకూ తేడా మీ ఇంట్లోవాళ్లు చెప్పలేకపోతే ఆ డబ్బు ఆదా చేసుకోండి. రాయగానే మెత్తగా అయిందన్న అనుభవం ఇక్కడ లెక్కకు రాదు. గ్లిసరిన్ ఉన్న ఏ క్రీమైనా ఆ మెత్తదనం ఇస్తుంది.

తినే ప్రోబయోటిక్స్ సంగతి కొంచెం మెరుగు. 2015లో కొరియాలో చర్మం పొడిబారిన, ముడతలు పడిన 110 మందిలో, 41 నుంచి 59 ఏళ్లవాళ్లలో, కొందరికి ఒక రకం లాక్టోబాసిల్లస్‌ను రోజుకు వెయ్యి కోట్ల చొప్పున 12 వారాలు ఇస్తే తేమ పెరిగి ముడతల లోతు తగ్గింది. ఇదీ ఆ సరుకు అమ్మే కంపెనీ చేయించినదే. ఈ ఊరి పక్కనే ఉన్న స్టాన్‌ఫర్డ్‌లో 2021లో 36 మందితో చేసిన పరీక్షలో, పది వారాలు పెరుగు, కెఫిర్, కిమ్చీ వంటివి బాగా తిన్నవాళ్ల పేగుల్లో సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగి, వాపును సూచించే 19 ప్రోటీన్లు రక్తంలో తగ్గాయి. చర్మాన్ని వాళ్లు కొలవలేదు. అయినా రోజూ ఇంటి పెరుగు, మజ్జిగ తినడానికి ఆ పరీక్షే చాలు. చర్మానికి కూడా మేలైతే సంతోషం.

ఏ సీరం తాకని రెండు విషయాలున్నాయి. మెడ వెనక, చంకల్లో మఖమల్ గుడ్డలా నల్లబడటాన్ని చాలామంది వయసు మచ్చలనో మురికి అనో అనుకుని రుద్దుతుంటారు. అది ఎక్కువగా ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికి గుర్తు. మన జాతివాళ్లలో బీఎంఐ 23కు చేరగానే మధుమేహ పరీక్షలు ఆలోచించాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెబుతోంది. ఒళ్లంతా దురద ఉండి, చర్మం మీద ఏమీ కనిపించకపోతే థైరాయిడ్, రక్తంలో ఇనుము, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయించమని అడగండి. అన్నిటినీ మెనోపాజ్ ఖాతాలో రాసేయవద్దు.

రెండోది మాట్లాడటానికి చాలామంది సిగ్గుపడేది. మెనోపాజ్ వల్ల సూక్ష్మజీవుల్లో వచ్చే మార్పు స్పష్టంగా రుజువైనది మొహంలో కన్నా యోనిలో. ఈస్ట్రోజన్ ఉన్నన్నాళ్లూ అక్కడి పొరలో గ్లైకోజెన్ నిలవుంటుంది, లాక్టోబాసిల్లస్ దాని మీద బతికి పీహెచ్‌ను 4.5 లోపు ఉంచుతుంది. హార్మోను తగ్గితే ఆ బాక్టీరియా తగ్గి, పీహెచ్ 5 దాటి, పొర పలచబడుతుంది. మంట, పొడిబారడం, దగ్గర కావడంలో నొప్పి, మాటిమాటికీ మూత్రం ఇన్ఫెక్షన్లు అందుకే వస్తాయి. దీనికి 2014లో వైద్యులు జననమూత్ర లక్షణాల సమాహారంగా ఒక పేరు పెట్టారు, బాగా పనిచేసే మందూ ఉంది: అక్కడే వాడే తక్కువ మోతాదు ఈస్ట్రోజన్, క్రీముగా, మాత్రగా, రింగుగా. పెరుగు గానీ మొహం కోసం కొన్న సీరం గానీ అక్కడ వాడకండి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు ముందు ఆంకాలజిస్టుతో మాట్లాడాలి. ఏడాదికోసారి జరిగే చెకప్‌లో డాక్టరు ఈ ప్రశ్న అడగకపోవచ్చు, కాబట్టి పొడిబారుతోందని, మంటగా ఉందని మీరే మొదట చెప్పండి. ఇంగ్లీషులో చెప్పడం ఇబ్బందైతే ఆసుపత్రిని తెలుగు దుబాసీని అడగండి, ఫోన్ మీదైనా ఏర్పాటు చేస్తారు. కొడుకునో అల్లుడినో పక్కన కూర్చోబెట్టుకుని చెప్పలేని మాటలు అవి.